పది అక్షరాల కొట్టు: అమలాపురంలో పాత సామానుతో ఇల్లు అమర్చుకున్న డైరీ

మొదటి వారం

బదిలీ రెండేళ్ళకి. మా ఆయన ఉద్యోగం, పిల్లాడి చదువు హైదరాబాదులోనే. ఇక్కడ అమలాపురంలో నేనొక్కదాన్నే, ఒక గది, వంటిల్లు, ముందు చిన్న వరండా ఉన్న పోర్షన్‌లో దిగాను. ఫ్యాను ఇంటివాళ్ళదే. మిగతాదంతా నేను కొనుక్కోవాలి. రెండేళ్ళ కోసం కొత్త సామాను కొని, వెళ్ళేటప్పుడు సగానికి సగం పోగొట్టుకుని అమ్మడం ఎందుకని మొత్తం సెకండ్ హ్యాండ్‌లోనే అమర్చుకుందామని పంతం పట్టాను. బడ్జెట్ 25,000. గడువు సంక్రాంతి. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది.

ఆఫీసులో మిగిలిపోయిన పాత డైరీ ఒకటి దీనికి కేటాయించాను. ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ. పేజీలో ఐదు గీతలు: చెప్పిన ధర, ఇచ్చిన ధర, కొత్తదైతే ఎంత, ఇంటికి చేర్చడానికి ఎంత, బాగుచేతకి ఎంత. ఆఖరి రెండు గీతలూ మా నాన్న సలహా. "వస్తువు ధర కొట్లో తేలదే, ఇంట్లో పెట్టాక తేలుతుంది" అంటాడాయన.

ఈ వారం నాలుగు కొట్లు తిరిగాను. మూడింట్లో ధర చీటీ అన్న మాటే లేదు. "ఎంతండీ?" అంటే ముందు మన చెప్పులు చూస్తారు, తర్వాత మెళ్ళోకి చూస్తారు, అప్పుడు చెబుతారు. ఆఫీసు నుంచి నేరుగా మెళ్ళో ఐడీ కార్డుతో వెళ్ళిన రోజు ఒక ప్లాస్టిక్ కుర్చీకి 450 చెప్పారు. ఆదివారం పాత చీర కట్టుకుని వెళితే అదే కుర్చీ 300.

నాలుగోదే వేరు. లోపలికి పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది ఆ కొట్టు. ప్రతి వస్తువుకీ దారంతో ఒక చీటీ వేలాడుతోంది. అట్ట ముక్కలు గట్టిగా, అంచు మెరుస్తూ ఉన్నాయేమిటా అని తిప్పి చూస్తే, పాత శుభలేఖలు కోసి చేసినవి! ఒక చీటీ వెనక "సుముహూర్తమునకు విచ్చే" వరకే ఉంది, ఇంకోదాని మూల పసుపు మరక. ముందువైపు తెల్లటి చోట ధర అంకెల్లో, దాని కింద ఏవో అక్షరాలు, కుడిచేతి మూల ఇంకో అక్షరం.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన డెబ్బయ్యేళ్ళ మనిషి. ముప్పయ్యేళ్ళు బట్టల కొట్లో గుమాస్తాగా చేసి, ఆ తర్వాత ఇది పెట్టుకున్నారట. "చూడండమ్మా, చూడ్డానికి డబ్బులేం తీసుకోం" అన్నారు. ఆ మాటతో ఆయన నాకు బాబాయిగారైపోయారు.

చూడ్డానికి వెళ్ళి అమ్మి వచ్చాను. హైదరాబాదు నుంచి తెచ్చిన పాత మిక్సీ ఒకటుంది, రెండో మిక్సీ వచ్చాక మూల పడింది. 350 ఇచ్చారు. బడ్జెట్లో జమ వేశాను.

రెండో వారం: మంచం

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురితో మాటల్లో ఈ చీటీల సంగతి వచ్చింది. అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో చీటీ రంగులో ఉంటుందట. ఈ వారం సరుకంతటికీ పచ్చ, వచ్చే వారం వచ్చినదానికి నీలం, అలా. రంగును బట్టి ఆ వస్తువు ఎన్ని వారాలుగా పడి ఉందో తెలుస్తుంది. వారానికో రంగు మీద సగం ధర తగ్గిస్తారు. నెలా నెలన్నర దాటినా పోకపోతే కొట్లోంచి తీసేస్తారు. "నాకు నచ్చిన కోటు రంగు వంతు వచ్చేదాకా ఆగుతానక్కా, ఈలోపు ఎవరైనా పట్టుకెళితే మన ఖర్మ" అంది.

అంటే చీటీ మీద ధర కన్నా ముఖ్యమైంది వస్తువు వయసు. కొట్లో ఎంతకాలం మగ్గితే అంత మెత్తబడుతుంది బేరం. మరి మన బాబాయిగారి చీటీ మూల ఉన్న ఒంటి అక్షరం ఏమిటి? "శ్రా", "భా", "కా"... తెలుగు నెలలు! శ్రావణం, భాద్రపదం, కార్తీకం. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

టేకు మంచం ఒకటి నచ్చింది. చీటీ మీద 5,500. మూల "ఆ". ఆషాఢం! పెళ్ళిళ్ళు ఉండవు, మంచాలు ఎవరు కొంటారు, నాలుగు నెలలుగా పడి ఉందన్నమాట. ధైర్యం వచ్చేసింది. ముందు చెయ్యాల్సిన పరీక్షలు చేశాను. పైన పాలిష్ అన్ని చెక్కల్నీ ఒకేలా చూపిస్తుంది కాబట్టి మంచం పట్టె అడుగున, పాలిష్ తగలని చోట గోటితో గీకి చూశాను. అంచుల దగ్గర పొరలు కనిపిస్తే ప్లైవుడ్ మీద టేకు రేకు అతికించినట్టు. ఇది నిండు చెక్కే. సన్నటి చిల్లులు, వాటి కింద పిండిలా రాలిన పొడి ఉంటే పురుగు ఇంకా లోపలుందని అర్థం. అదీ లేదు.

"నాలుగు నెలల నుంచీ జాగా ఆక్రమించుకుని కూర్చుంది కదా బాబాయిగారండీ, మీకూ ఖాళీ అవుతుంది" అని 4,500 దగ్గర మొదలుపెట్టాను. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి మంచం వైపు చూసి ఏమీ అనలేదు. 4,800కి ఒప్పుకున్నారు. ఆటో 400.

మంచం దింపిన కుర్రాడు బోల్టులు బిగిస్తూ అన్నాడు: "దసరాల్లో వచ్చిందండి ఇది. ఎవరో విదేశాలు వెళ్ళిపోతా ఇచ్చేశారు. మొన్ననే పాలిష్ పట్టాం."

దసరా. ఆశ్వయుజం. అది కూడా "ఆ"నే.

చీటీని డైరీలో పిన్ను పెట్టి దాచాను. ధర కింద అక్షరాలు: వ వ య య. ఏమిటో.

పరుపు మాత్రం కొత్తది, 3,200. సెకండ్ హ్యాండ్ పంతం పరుపుకి వర్తించదు. ఎవరి చెమట ఎన్నేళ్ళు తాగిందో తెలియని దూది మీద నాకు నిద్ర పట్టదు.

మూడో వారం: బీరువా, స్టవ్వు, ఒక వెధవ చీర

బీరువా చీటీ 4,500. మెరుస్తోంది, ఆ మెరుపే అనుమానం. అంతర్వేది వైపు నుంచి వచ్చిందని కుర్రాడు చెప్పాడు. సముద్రపు గాలి ఇనుమును లోపల్నుంచి తింటుంది, బయట ఒక కోటింగ్ కొడితే ఏం తెలియదు. కింద అర దాకా వంగి, మూలల్లో గట్టిగా నొక్కి చూశాను. ఒకచోట వేలు కొంచెం లోపలికి పోయింది, పెచ్చు ఊడింది. బాబాయిగారే టార్చి వేసి చూపించారు. దాచలేదు. 3,600కి తేలింది. పుట్టీ, రెడ్ ఆక్సైడ్, రంగు కలిపి 650. ఆటో 400. మొత్తం 4,650. చీటీ మీద ధర కన్నా 900 బేరమాడి, చివరికి చీటీ కన్నా 150 ఎక్కువ పెట్టానని డైరీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

రెండు బర్నర్ల స్టవ్వు 900. ఐఎస్ఐ గుర్తు ఉంటే సరిపోదు, గుర్తు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఉత్త బొమ్మ ఎవడైనా అచ్చు వేసుకుంటాడు. గ్యాస్ గొట్టం మాత్రం కొత్తది, 190. ప్రెషర్ కుక్కరు ఒకటి చవగ్గా ఉంది కానీ దాని మీద ఐఎస్ 2347 ఎక్కడా కనబడలేదు, సేఫ్టీ వాల్వు కూడా ఏదో అతుకులా ఉంది. కుక్కరు కూడా కొత్తదే కొన్నాను, 1,650. పేలితే నా మొహం మీదే కదా.

ఇక చీర. ఆదివారం కాకినాడ వెళ్ళినప్పుడు ఒక కల్యాణ మండపంలో "ఒక్కసారి కట్టిన చీరలు" అని అమ్మకం పెట్టారు. ఉప్పాడ అని పెన్నుతో రాసిన చీటీ, దాని పక్కన ఎమ్మార్పీ 8,500 అచ్చు స్టిక్కరు, దాన్ని కొట్టేసి 1,800. మూడు వారాలుగా నేను చేస్తున్న పరిశోధన మొత్తం ఆ కొట్టివేత గీత ముందు మట్టి కరిచింది. కొనేశాను.

ఇంటికొచ్చి తిరగేసి చూస్తే వెనకంతా కత్తిరించిన దారాల కుచ్చులు. నిజమైన ఉప్పాడ జాందానీకి బుటా చేత్తో ఎక్కిస్తారు, వెనకవైపు కూడా దాదాపు ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. ఆ పేరుకి 2009లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ పెన్నుతో రాసుకున్న చీటీకి ఏ గుర్తింపు అడ్డం వస్తుంది? ఎమ్మార్పీ అంటే ఆ ప్యాకెట్టుకి అన్ని పన్నులూ కలిపి అంతకు మించి తీసుకోకూడని ధర, అంతే. అది వేసేది తయారు చేసినవాళ్ళే. వస్తువు విలువ అంత ఉందని ఎవరూ తూచి చెప్పిన అంకె కాదు. ఆషాఢం తగ్గింపుల్లో ఎర్ర గీతల కింద కనిపించే పెద్ద అంకెల్ని నేను ఇన్నేళ్ళూ విలువ అనుకునే చదివాను. సెకండ్ హ్యాండ్‌లో అయితే ఆ అంకెకి ఇంకా అర్థం లేదు. ఒకసారి మడత విప్పిన చీరకి దాని పాత ఎమ్మార్పీతో ఏం పని?

చీరను ఇంటి సామాను లెక్కలో కలపడం లేదు.

నాలుగో వారం: అక్షరాలు

బాబాయిగారి కొట్లో ఇప్పుడు నాకు స్టూలు వేస్తున్నారు. బేరం లేని రోజు కూడా ఆఫీసు అయ్యాక కాసేపు కూర్చుంటున్నాను. పొద్దున్న పదింటిలోపు మాత్రం వెళ్ళను. బోణీ కాకుండా ధర అడిగి వెనక్కి వచ్చేస్తే ఆయన మొహం వాడిపోతుంది. అప్పుడు కొంటే మాత్రం రూపాయి తక్కువైనా బేరం వదులుకోరు. ఇది తెలిసినవాళ్ళు పొద్దున్నే తాళం తీస్తుండగా దిగుతారు.

కూర్చున్నప్పుడల్లా నా కళ్ళు చీటీల మీదే. ధర కింద అక్షరాలు కొన్నధర అయి ఉంటాయన్నది మొదటి రోజే తట్టింది. బట్టల కొట్లలో ఇది పాత అలవాటు. యజమాని, గుమాస్తా మాత్రమే చదువుకోగలిగే పది అక్షరాల మాట ఒకటి ఉంటుంది. ఒకటికి ఒక అక్షరం, రెండుకి ఒక అక్షరం, అలా సున్నా దాకా. ఏ అక్షరమూ రెండుసార్లు రాకూడదు. బేరం ఎంతదాకా దిగవచ్చో గుమాస్తాకి చీటీ చూడగానే తెలుస్తుంది, ఎదురుగా ఉన్న మనకి తెలియదు.

అక్షరాలన్నీ డైరీ వెనక పేజీలో ఎక్కించాను. దాదాపు అన్నిటికీ చివర "య". దాని ముందు ఎక్కువగా ఇంకో "య" లేదా "శి". పాత సామాను ఎవరైనా వందల్లోనో, యాభైల్లోనో కొంటారు కాబట్టి య అంటే సున్నా, శి అంటే ఐదు కావచ్చు. ఇంత వరకే.

తర్వాత నా మిక్సీ కనబడింది! పైఅరలో, తుడిచి, కొత్త ప్లగ్గు వేసి. చీటీ మీద 700. కింద: మి శి య. నాకిచ్చింది 350. మి అంటే మూడు. శి, య సరిపోయాయి. ఆ క్షణంలో 350 ఇచ్చి ఆయన 700 వేశారన్న బాధ కూడా కలగలేదు.

మూడు, ఐదు, సున్నా. మిగతా ఏడు? ఎలాంటి మాట అయి ఉంటుంది? దేవుడి పేరు అనుకుని రెండు రోజులు వెంకటేశ్వరుణ్ణి, సత్యనారాయణస్వామిని రకరకాలుగా విరిచి చూశాను. మూడో అక్షరం మి, ఐదోది శి రావడం లేదు.

గురువారం పని మీద రాజోలు వెళుతున్నాను. బస్సు బోడసకుర్రు వంతెన ఎక్కింది. పక్క సీటావిడ ఫోన్లో కూతురికి గట్టిగా చెబుతోంది: "ఇప్పుడే వైనతేయ దాటుతున్నానే, అరగంటలో వచ్చేస్తా, అన్నం పడేసి ఉంచు."

వైనతేయ. చివర య.

కిటికీలోంచి చూశాను. కింద నది, గోదావరి పాయ. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో ఇది. కోనసీమలో పుట్టినవాడు పది అక్షరాల మాట కోసం తిరుపతి దాకా ఎందుకు వెళతాడు? గౌ, త, మి. మూడోది మి! వ, శి. ఐదోది శి! బస్సులో పైకే లెక్కపెట్టానేమో, ఫోన్ ఆవిడ నా వైపు వింతగా చూసింది. గౌ త మి వ శి ష్ఠ వై న తే య. పదికి పది. ఒక్కటీ తిరిగి రాలేదు. త ఉంది, తే ఉంది. వ ఉంది, వై ఉంది. కానీ రాతలో దేనికదే వేరు.

డైరీ బ్యాగులోనే ఉంది. పిన్ను పెట్టిన మంచం చీటీ తీశాను. వ వ య య. నాలుగు వేల నాలుగు వందలు.

ఆయన 4,400 పెట్టి కొని, పాలిష్ పట్టించి, నాకు 4,800కి ఇచ్చారు. పాలిష్ ఖర్చు పోతే ఏమైనా మిగిలిందో లేదో. అదీ రెండు నెలలు తిరక్కుండానే, నేను ఆషాఢం అని పట్టుబట్టినందుకు.

బీరువా: త న య య, 2,800. అందులో 800 మిగిలింది ఆయనకి. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఐదో వారం: ఫ్రిజ్

దసరా, దీపావళి ఎక్స్‌చేంజ్ ఆఫర్లలో జనం ఇచ్చేసిన ఫ్రిజ్‌లు, టీవీలు ఇప్పుడు కొట్లలోకి దిగుతున్నాయి. ఫ్రిజ్ కొనాలంటే ఇదే అదను. కొట్లో సింగిల్ డోర్‌వి రెండున్నాయి.

ఒకదానికి ఐదు నక్షత్రాలు, చీటీ 4,500. రెండోదానికి మూడే నక్షత్రాలు, 6,200. చూడగానే మొదటిదే లాభమనిపిస్తుంది. కానీ కరెంటు ఆదా చూసే కేంద్ర సంస్థ బీఈఈ వేయించే ఆ లేబుల్ మీద నక్షత్రాల కన్నా చిన్న అక్షరాల్లో ఉన్నవే చదవాలి: ఏ ఏడాది లేబులు, ఏడాదికి ఎన్ని యూనిట్లు. నక్షత్రాల కొలత కొన్నేళ్ళకోసారి బిగిస్తుంటారు. 2014 నాటి ఐదు నక్షత్రాలు ఇప్పుడు ఐదు కావు. మొదటిది 2014ది, ఏడాదికి 215 యూనిట్లు. రెండోది 2021ది, 165.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. తేడా ఏడాదికి 50 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా 300. రెండేళ్ళకి 600. ధరలో తేడా 1,700. కాగితం మీద పాతదే గెలిచింది! కరెంటు ఆదా అని ఊరికే కొత్తదాని వైపు మొగ్గేవాళ్ళు ఈ కూడికలు తీసివేతలు ఒకసారి చేసుకోవాలి.

పాతదాన్ని ఓడించింది లెక్క కాదు, బురద. వెనక్కి తిప్పించి కంప్రెసరు దగ్గర టార్చి వేశాను. కింద నుంచి జానెడు ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు, ఎండిన ఒండ్రు చార. కంప్రెసరు కింద గిన్నె మూలల్లో చిటికెడు మెత్తటి మట్టి ఇంకా ఉంది. వేలితో నలిపితే పౌడరులా జారింది. గోదావరి మట్టి ఎవరికి తెలియదు? 2022 జూలై వరదల్లో లంకల్లో ఎన్ని ఇళ్ళలో ఇలా మోకాటి లోతు నీళ్ళు నిలిచాయో. పైన తలుపు కడిగేస్తారు, వెనక ఎవరూ కడగరు. మన వైపు సెకండ్ హ్యాండ్ ఏది కొన్నా, మోటారున్నదైనా ప్లైవుడ్డుదైనా, కింద జానెడు మేర చూడకుండా ధర మాట్లాడకూడదు.

"ఇది మునిగింది కదండీ?" అన్నాను. "మునిగిందమ్మా. అందుకే నాలుగున్నర. అడిగినోళ్ళకి చెబుతాను" అన్నారు. అడగనివాళ్ళకి? అడగలేదు నేను.

రెండోదాన్ని నేను వచ్చేసరికి మూడు గంటలుగా ఆన్‌లో ఉంచమని ముందురోజే ఫోన్ చేసి చెప్పాను. అప్పుడే ప్లగ్గు పెట్టి చూపిస్తే కంప్రెసరు మోత తప్ప ఏమీ తెలియదు. ఐసు కట్టింది. తలుపు మధ్య వాళ్ళ చీటీనే పెట్టి మూసి లాగాను, బిగుతుగా వచ్చింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, గ్యాస్కెట్, బాగుంది. చీటీ చేతిలోకి రాగానే చదివేశాను: మి ష్ఠ య య. 3,600.

6,200 చెప్పేదానికి 3,600 పెట్టారా! నోరు ఊరుకోలేదు. "4,200 చేసుకోండి బాబాయిగారండీ."

ఎవరైనా 6,200కి అయిదున్నర అడుగుతారు, అయిదు అడుగుతారు. అంత కిందకి, అంత ధీమాగా ఎవరూ రారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి కొంచెంసేపు చూశారు. గల్లా కింద నుంచి ఒక నోట్‌బుక్కు తీసి, పేజీ తిప్పి నా ముందు పెట్టారు. గ్యాస్ నింపడం, రిలే మార్చడం, మెకానిక్కు కూలి, అన్నీ కలిపి 1,300. "చీటీ మీద కొన్నదే రాస్తానమ్మా. పెట్టింది ఇక్కడ రాస్తాను. మూడు నెలలు ఏదొచ్చినా నేనే చూడాలి, అది ఎక్కడా రాయను."

3,600, 1,300, వెరసి 4,900. నా డైరీలో నేను ఐదు గీతలు గీసుకున్నాను, ఎదుటివాళ్ళకీ అలాంటి గీతలుంటాయని తట్టలేదు. 5,400 ఇచ్చాను. ఇంకో మాట ఆడలేదు. ఆటో 500. తెచ్చాక నాలుగు గంటలు కదపకుండా నిలబెట్టి, అప్పుడు ప్లగ్గు పెట్టాను.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగారు: "బట్టల కొట్లో చేశారా ఎప్పుడైనా?"

"లేదండీ."

"మరేనండీ" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆరు, ఏడు వారాలు: టేబులు, గుండిగ

టేబులు 1,100. చీటీ 1,400, అక్షరాలు వై శి య, 750. చెప్పుకోవాల్సింది ఏమీ లేదు, నాలుగు కాళ్ళూ నేల మీద ఆనుతున్నాయి.

ఇత్తడి సామానుకి చీటీ ఉండదు. గోడవారన ఒక అట్ట మీద "తూకం" అని ఉంటుంది, అంతే. ఆఫీసులో ఒక అక్కయ్యది పెరవలి దగ్గర అజ్జరం, ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఆవిడ చెప్పిన పరీక్షలు సులువు: అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. అంటుకోకపోతే వేలితో మీటు. కంచు అయితే గుడిగంటలా సాగుతుంది, ఇత్తడి టక్కున ఆగిపోతుంది. అడుగు, అంచు తడిమి అతుకులు చూడు. తూకం వేసేటప్పుడు ఇనప పిడి ఉంటే దాని బరువు తీయించు.

ఒక గుండిగ నచ్చింది. కిలో 520 చొప్పున, రెండు కిలోల మూడు వందల గ్రాములు. 1,196 అయితే 1,200 ఇచ్చాను. కళాయి పూయించడానికి 250. ఆ పూత లేకుండా చింతపండు పులుసు కాస్తే చిలుము తినాలి.

మెడ కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరు, "మే 1968". సారెలో ఇచ్చి ఉంటారు. ఎండాకాలం పెళ్ళి. కళాయి పూసే అతను "పేరు చెరిపి మీది కొట్టించమంటారా?" అన్నాడు. వద్దన్నాను. అద్దె ఇల్లు, బదిలీ ఉద్యోగం, గుండిగ మీద మాత్రం నా పేరెందుకు? పైగా ఆ పేరు ఇక్కడిదే, నేనే బయటిదాన్ని.

ఎనిమిదో వారం: భోగి

కుర్చీకి డబ్బు పెట్టలేదు. భోగి ముందురోజు మా వీధి పిల్లలు మంటలోకి ఇంటింటికీ తిరిగి పాత చెక్కలు పోగేస్తున్నారు. పోగులో మూడు కాళ్ళ కుర్చీ ఒకటి తలకిందులుగా ఉంది. అడుగున గీకి చూస్తే టేకు. తాటాకులు, రెండు పిడకల దండలు ఇస్తానని బేరం పెట్టాను. వాళ్ళ నాయకుడికి పదేళ్ళుంటాయి. "మూడు దండలాండీ" అన్నాడు. సరేనన్నాను. వడ్రంగి నాలుగో కాలు వేసి 350 తీసుకున్నాడు.

లెక్క. మంచం 5,200, పరుపు 3,200, బీరువా 4,650, స్టవ్వు గొట్టంతో 1,090, కుక్కరు 1,650, ఫ్రిజ్ 5,900, టేబులు 1,100, గుండిగ 1,450, కుర్చీ 350. మొత్తం 24,590. మిక్సీ జమ 350 తీసేస్తే 24,240. ఇందులో ఆటోలు 1,300, బాగుచేతలు 1,250. ఏ చీటీ మీదా లేని డబ్బు ఇది.

చీర కలిపితే 26,040 అవుతుంది. కలపడం లేదని ముందే చెప్పాను.

సంక్రాంతి సెలవులకి హైదరాబాదు వెళ్ళే ముందు కొట్టుకి వెళ్ళాను. నిజంగా ఏమీ కొనేది లేదు. అలవాటుగా చీటీ తిప్పాను. బుక్ స్టాండుకి 900. దాని కింద: కో బ య.

కో? బ? పక్కన కుట్టు మిషను చీటీ చూశాను. దాని మీదా ఎప్పుడూ చూడని అక్షరాలే. పైనుంచి కింద దాకా అన్ని చీటీలూ కొత్తవే, కొత్త శుభలేఖలు కోసినవే. మూల ఒంటి అక్షరం కూడా లేదు. బాబాయిగారు పేపరు చదువుకుంటున్నారు, తలెత్తలేదు.

మర్నాడు ఇంట్లోంచి పాత ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళాను. "ఇది తీసుకుంటారా అండీ?"

ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. తీగ లాగి చూశారు. 200 లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. తర్వాత చీటీ ఒకటి తీసి, నేను చూస్తుండగానే నింపాదిగా 400 అని రాసి, కింద ఏమీ రాయకుండా, ఇస్త్రీపెట్టె పిడికి కట్టి నా కళ్ళకి ఎదురుగా ఉన్న అరలో పెట్టారు.